ఫైన్ 367 డాలర్లే, మరి టికెట్ ఖరీదెంత?

ప్రశ్న: కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటున్నాం. పోయిన నెల 280 ఫ్రీవే మీద, లిమిట్ గంటకు 65 మైళ్లు ఉన్నచోట 82లో వెళ్తున్నానని ఆపి టికెట్ ఇచ్చారు. ఇదే మొదటిది. కోర్టు నోటీసులో 367 డాలర్లు కట్టమని ఉంది. ట్రాఫిక్ స్కూల్, అంటే టికెట్ పడ్డ డ్రైవర్లకు పెట్టే కోర్సు, తీసుకుంటే ఫీజులన్నీ కలిపి ఇంకో 85 అవుతాయట. ఒక లాయర్ 350 ఇస్తే కొట్టేయిస్తానంటున్నాడు. ఆఫీసులో మనవాళ్లేమో ‘కోర్టుకెళ్లు, ఆ ఆఫీసర్ ఎలాగూ రాడు’ అంటున్నారు. హెచ్-1బీ మీద ఉన్నాను. గ్రీన్‌కార్డ్‌కి ఇబ్బంది అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 367 సంగతి. చట్టంలో మీ వేగానికి అసలు జరిమానా 70 డాలర్లే. దాని మీద రాష్ట్రం, కౌంటీ వేసే అదనపు వడ్డింపులతో అంతకు చేరింది. చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ మీ జేబుకు అసలు దెబ్బ అది కాదు. మాట్లాడకుండా కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. డీఎంవీ, అంటే లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ, దాని రికార్డులో మీ పేరు మీద ఒక పాయింట్ (తప్పుకి పడే మచ్చ) పడుతుంది, మూడేళ్లకు పైగా ఉంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీకి కనిపిస్తుంది.

కాబట్టి ఈ రాత్రే ఒక పని చేయండి. ఏదైనా ఇన్సూరెన్స్ సైట్‌లో మీ కారుకి రెండుసార్లు కోట్ తీయండి. ఒకసారి రికార్డు శుభ్రంగా ఉన్నట్టు, ఇంకోసారి ఒక స్పీడింగ్ టికెట్ ఉన్నట్టు. ఆర్నెల్ల ప్రీమియంలో తేడా ఎంతో చూసి ఆరుతో గుణించండి. నేను లెక్క కోసం 200 డాలర్లు అనుకుంటున్నాను, అంటే మూడేళ్లకు 1,200. మీ అంకె వేరే వస్తే కింది లెక్కలో అదే పెట్టుకోండి.

ఊరికే కట్టేస్తే 1,567. ట్రాఫిక్ స్కూల్‌కి వెళ్తే 452, అంతటితో సరి. స్కూల్ పూర్తి చేస్తే ఆ టికెట్ రికార్డులో గోప్యంగా ఉండిపోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకు కనపడదు. లాయర్ గెలిస్తే మీకు 350తో పోతుంది. ఓడితే ఆయన ఫీజు, ఫైన్, పెరిగిన ప్రీమియం కలిసి 1,917. ఈ అంకెల మీద లాయర్‌కి ఇవ్వడం స్కూల్ కంటే లాభం కావాలంటే ఆయన 100 కేసుల్లో 94 గెలవాలి. మీరే వెళ్లి వాదించుకుంటే ఖర్చు ఉండదు కదా అనిపిస్తుంది. అయినా 100కి 71 సార్లకు పైగా గెలిచే నమ్మకం ఉండాలి. ఓడాక కూడా జడ్జి స్కూల్‌కి అనుమతి ఇవ్వచ్చు, కానీ అది ఆయన ఇష్టం. దాని మీద ఆశ పెట్టుకుని లెక్క వేయలేను.

ఆఫీసర్ రాడన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. రాకపోతే కేసు మామూలుగా కొట్టేస్తారు. కానీ కోర్టుకు రావడం కూడా వాళ్ల ఉద్యోగంలో భాగమే. పైగా టికెట్ మీద సెక్షన్ నంబర్ చూడండి. 22350 అయితే ‘ఆ రోడ్డు మీద, ఆ సమయానికి నా వేగం ప్రమాదకరం కాదు’ అని వాదించే చోటుంది. రాడార్‌తో పట్టుకుంటే ఆ రోడ్డుకు లిమిట్ ఎంత ఉండాలో తేల్చే ట్రాఫిక్ సర్వే సరిగా జరిగిందా అని కూడా అడగచ్చు. ఫ్రీవే మీద 65 దాటితే సాధారణంగా రాసేది 22349(ఎ). అక్కడ 65 దాటారా లేదా అన్నదే ప్రశ్న. ‘అందరూ నాతో పాటే వెళ్తున్నారు’ అన్నది వాదన కాదు, ఫిర్యాదు.

మీరు ఇంతకుముందే స్కూల్ వాడేసి ఉంటే మాత్రం నా జవాబు పూర్తిగా తిరగబడేది. ఉల్లంఘన తేదీ నుంచి తేదీకి లెక్కేసి 18 నెలల్లో ఒక్కసారే ఆ అవకాశం. అది లేనప్పుడు అటు ఎలాగూ 1,567 పోయేదే కనుక, అదే లాయర్ అదే 350కి 100లో 23 కేసులు గెలిచినా మీకు గిట్టుబాటే. అంతకంటే ముందు చేయాల్సింది టీఆర్-205 అనే ఫారం, అంటే కాగితం మీద విచారణ. ముందు 367 డిపాజిట్ కట్టి, మీ వాదన రాసి పంపుతారు, ఆఫీసర్ తనది పంపాలి. గెలిస్తే డబ్బు వెనక్కి. ఓడితే 20 రోజుల్లోపు మళ్లీ కొత్తగా విచారణ అడగచ్చు. ఒక్క రోజు సెలవు పెట్టక్కర్లేదు. రెండో పాయింట్ దాకా వస్తే ఇంకా గట్టిగా పోరాడమంటాను. కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ మీద చట్టప్రకారం వచ్చే 20 శాతం గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ మూడేళ్లలో ఒక పాయింట్‌కి పోదు, రెండో దానికి పోతుంది. మొదటి టికెట్‌ని స్కూల్‌తో దాచేయమనడానికి నాకున్న ఇంకో కారణం ఇదే.

గ్రీన్‌కార్డ్ గురించి ఇంత కంగారు వద్దు. ఇలాంటి వేగం టికెట్ ఒక్కటే దాన్ని ఆపదు. ఫారంలో సైటేషన్ల గురించి అడిగినచోట దాచకుండా రాయండి, రసీదు జాగ్రత్త పెట్టుకోండి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మాట చెప్పండి. నిజంగా భయపడాల్సింది నోటీసు సొరుగులో పడేసి తేదీ మరిచిపోవడం గురించి. ఇక్కడ హాజరు కాకపోవడం విడిగా ఒక నేరం, మిస్‌డిమీనర్ అంటారు, చిన్నదే అయినా క్రిమినల్ నేరమే. పైన మరో 100 డాలర్ల దాకా కలపచ్చు కూడా. 367తో పోయేదాన్ని క్రిమినల్ రికార్డు దాకా తెచ్చుకోకండి.

స్కూల్‌కి డబ్బు కట్టి, కోర్సు పూర్తి చేయడం మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. అప్పుడు 452 కట్టీ పాయింట్ తప్పదు. కోర్టు ఇచ్చిన గడువుకు రెండు వారాల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.