పన్ను బాగైనా చెంప మంట ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పై దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఎక్స్‌రేలో పన్ను బాగానే ఉందంటున్నారు. కానీ ఆ వైపు చెంపకు దుప్పటి అంచు తగిలినా భగ్గున మండుతోంది. ఒంట్లో రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు అనే రసాయనాల వల్ల ఇలా అవుతుందని చదివాను. వాటికి రక్త పరీక్ష చేయించాలా? ఇమ్యూనిటీ పెంచే మందులు వాడాలా?
- ఒక పాఠకురాలు

సలహా: ఎక్స్‌రే బాగుంది కాబట్టి మీ నొప్పి ఉత్తదే అనుకోకండి. అందులో పన్ను, ఎముక కనిపిస్తాయి గానీ నరం పడే బాధ కనిపించదు.

ముఖంలో స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ నరం. నుదుటికి, పై దవడకు, కింది దవడకు మూడు పాయలుగా వెళ్తుంది. పంటికి ఇన్‌ఫెక్షన్ సోకినా, చికిత్సలో నరం కొస దెబ్బతిన్నా రోగనిరోధక కణాలు అక్కడికి చేరి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను వదులుతాయి. గాయం మానడానికి ఇవి అవసరమే. కాకపోతే ఇవి నరాన్నీ రెచ్చగొడతాయి. అప్పుడు దుప్పటి తగిలినా నరం దాన్ని దెబ్బ కిందే లెక్కేస్తుంది.

మూడు పాయల నరకణాలూ పుర్రె లోపల ఒకే ముడిలో పక్కపక్కనే ఉంటాయి. వాటిని చుట్టుకుని ఉండే గ్లియల్ కణాలు కూడా సైటోకైన్లు వదలడం మొదలుపెడితే, ఒక పంటి దగ్గర పుట్టిన నొప్పి చెంపకూ కణతకూ పాకుతుంది. ఏ పన్ను నొప్పో తేలక మంచి పళ్లు పీకించుకుని, అయినా నొప్పి పోక మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఈ రసాయనాలు పనిచేసేది నరం పక్కన. చేతి నుంచి తీసిన రక్తంలో వాటిని కొలిచి ముఖం నొప్పికి కారణం చెప్పలేం, ఆ పరీక్ష వద్దు. ఇమ్యూనిటీ మందులూ వద్దు. మీకు ఇమ్యూనిటీ తగ్గి వచ్చిన సమస్య కాదిది.

న్యూరాలజిస్టును కలవండి. నొప్పి ఎలా వస్తోందో వివరంగా చెప్పండి, సగం నిర్ధారణ అక్కడే అవుతుంది. పళ్లు తోముకునేటప్పుడో, మొహం కడుక్కునేటప్పుడో కరెంట్ షాక్‌లా కొట్టి కొన్ని సెకన్లలో పోతుంటే ట్రైజెమినల్ న్యూరాల్జియా అని అనుమానించాలి. దానికి ఎంఆర్‌ఐ తీస్తారు, కార్బమజెపైన్ ఇస్తారు. మీరు రాసినదాన్నిబట్టి నరం దెబ్బతిని వచ్చిన మంటలా ఉంది. ఇందులో మామూలు పెయిన్ కిల్లర్లు పెద్దగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటివి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి తగ్గలేదని మానేయకండి.

చెంప మొద్దుబారినా, వాపు, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇంట్లో 50 దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ లాగేస్తూ, చూపు మసకబారితే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.