మాస్టారిని అడగండి: పల్చటి కవర్లో వేడి సాంబారు

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగాలకి వెళ్తాం. వారంలో నాలుగు రోజులు కూర, సాంబారు కర్రీ పాయింటు నుంచే వస్తాయి, అవి పొగలు కక్కుతుండగానే కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. మొన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి "మనం వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటున్నామంట" అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఫిల్టర్లు అమ్మే ఆయనేమో కొత్త మిషను పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ కార్డు సంగతి తేల్చేద్దామమ్మా. అది 2019లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు వేసిన లెక్క, వారానికి 5 గ్రాముల దాకా అన్నారు. తర్వాత ఆ లెక్క మళ్లీ కట్టినవాళ్లు అంత ఉండదు, చాలా తక్కువే అని తేల్చారు. కానీ ఏటీఎం కార్డంటే ఎవరికైనా ఇట్టే గుర్తుండిపోతుంది కదా, అందుకే ఇంకా తిరుగుతోంది.

అలాగని కొట్టిపారేసే సంగతీ కాదు. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని మైక్రోప్లాస్టిక్స్ అంటున్నారు. బందరు కాలువలో ఎవరో విసిరేసిన కవరు ఎటూ మాయమైపోదు, ఎండకి పెళుసెక్కి, చిట్లి, ముక్కలై, చివరికి కంటికి ఆననంత నలుసులై నీళ్లలో, మట్టిలో కలిసి తిరుగుతూనే ఉంటుంది. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ డాక్టర్లు, మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూడికని ఆపరేషన్ చేసి తీసి చూస్తే 257 మందిలో 150 మందికి అందులో ప్లాస్టిక్ ఉంది, ఆ తర్వాత దాదాపు మూడేళ్లు గమనిస్తే గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు వీళ్లలో మిగతావాళ్ల కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని దీంతో రుజువైపోలేదు, రెండూ కలిసి కనిపించాయి, అంతే. నేనైతే దాన్ని తేలిగ్గా తీసుకోను.

ఇక మీ సాంబారు. వేడి, నూనె, ప్లాస్టిక్, ఈ మూడూ ఒకచోట చేరకూడదు. వేడికి ప్లాస్టిక్ నుంచి నలుసులు ఎక్కువగా ఊడతాయి, అది మెత్తగా సాగడానికి కలిపే రసాయనాలు నూనెలోకి దిగుతాయి. కాబట్టి కర్రీ పాయింటు మానక్కర్లేదు, కవరు మానండి. నేను స్టీలు క్యారేజీ పట్టుకెళ్తాను. మొదటిరోజు కౌంటర్లో కుర్రాడు నవ్వాడు, ఇప్పుడు నన్ను చూడగానే గరిటె తీస్తాడు, కవరు ఖర్చు మిగిలిందని కాబోలు ఓ చెంచా ఎక్కువే వేస్తాడు కూడా. ఇంట్లో ఓవెన్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టి వేడి చేసే అలవాటుంటే అదీ ఆపేయండి.

మిషను ఒక్కటి కొంటే గొడవ ఉండదన్న మాట నమ్మకండి. ఆర్‌వో ఫిల్టరు నీళ్లలో నలుసుల్ని ఆపుతుంది నిజమే, కవర్లో సాంబారుని ఏం చేస్తుంది? సీసా నీళ్లూ శుద్ధమేం కాదు, అమెరికాలో 2024లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు లీటరు సీసా నీళ్లలో సగటున 2 లక్షల 40 వేల నలుసులు లెక్కపెట్టారు. మీ నీళ్లు కాచినప్పుడు గిన్నెకి తెల్లటి పొర కడుతుంటే మీ పని ఇంకా తేలిక. ఆ సున్నమే కాగేటప్పుడు ప్లాస్టిక్ నలుసుల్ని చుట్టుకుని అడుక్కి దిగుతుంది. కఠినమైన నీళ్లలో ఇలా కాచి వడపోస్తే 90 శాతం దాకా పోయాయని చైనా పరిశోధకులు చూపించారు. అయిదు నిమిషాలు కాచి, తేరనిచ్చి వడపోసుకోండి.

ప్రశ్న: గవర్నర్‌పేటలో ఆఫీసు. రోజుకి నాలుగు టీలు, అన్నీ పేపర్ కప్పుల్లోనే. కాగితమే కదా, పర్లేదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉత్త కాగితమైతే టీ మీ చొక్కా మీదే ఉండేది బాబూ. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు అలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25 వేల నలుసులు దిగాయి. గాజు గ్లాసులో ఇమ్మని అడగండి. అయితే గ్లాసులు ముంచే ఆ బకెట్ వైపు కూడా ఓసారి చూడండి. దానికంటే మీ స్టీలు గ్లాసు మీ సొరుగులో ఉండటమే నయం.