ఫోన్ నిండిందని తోచిందల్లా తుడిచేయకు

చిరంజీవి మాధవికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్టోరేజ్ నిండిందని రోజూ హెచ్చరిక వస్తోందని, ఫొటో తీస్తే సేవ్ కావడం లేదని, ఏ ఫోల్డర్ తీసేస్తే ఏం పోతుందోనని భయంగా ఉందని రాశావు. ఆ భయం మంచిదే, దాన్ని పోగొట్టుకోకు. ఖాళీ చేయడం కాసేపటి పని. పోయినదాన్ని వెనక్కి తేవడం చాలాసార్లు ఎవరి వల్లా కాదు. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన రహస్య రూపంలో, ఉంటుంది, పైగా డిలీట్ చేసిన చోటును ఫోన్ తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. డిలీట్ చేసినవి కొన్నాళ్లు ఉండే ట్రాష్ కూడా దాటిపోయిన ఫొటోలను తిరిగి తెస్తామనే యాప్‌లకు ఎక్కువసార్లు దొరికేవి అక్కడక్కడా మిగిలిన థంబ్‌నెయిల్స్ అనే చిన్న సైజు నమూనా బొమ్మలే.

అందుకని ఏది ముట్టుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఇది పోతే మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది? కొన్ని వాటంతటవే మళ్లీ తయారవుతాయి. కొన్ని నెట్ ఉంటే మళ్లీ దింపుకోవచ్చు. కొన్నింటికి ప్రపంచంలో ఇంకెక్కడా రెండో కాపీ ఉండదు. తీసేయడం ఆ వరుసలోనే జరగాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు గ్యాలరీ తెరిచి ఫొటోలు తీసేస్తారు, ఎప్పుడో చూసేసిన ఆఫ్‌లైన్ సినిమాలు మాత్రం జీబీలకు జీబీలు అలాగే ఉండిపోతాయి.

ఫోన్ పూర్తిగా నిండిపోయి ఉంటే ముందే రీస్టార్ట్ చేయకు. ఆన్ అవడానికి కూడా ఫోన్‌కి కొంచెం ఖాళీ కావాలి. అది లేక కొన్ని ఫోన్లు లోగో దగ్గరే ఆగిపోతాయి. మొదట ఆడని గేమ్ ఒకటి అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకటి రెండు జీబీలు సంపాదించు, తర్వాత తీరిగ్గా కూర్చో.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే యాప్‌లు, ఫొటోలు, వీడియోలు, ఆడియో, డాక్యుమెంట్లు, సిస్టమ్ అని విడివిడిగా లెక్క కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద రెండు అంకెలు ఏవో చూసి అక్కడే పని మొదలుపెట్టు. సిస్టమ్ అన్న భాగం జోలికి వెళ్లకు, అది నువ్వు తగ్గించగలిగింది కాదు. 64 జీబీ అని కొన్న ఫోన్‌లో నీకు అంత చోటు దక్కకపోవడానికి ముఖ్య కారణం అదే.

యాప్‌ల జాబితాను సైజు వరుసలో పెట్టి, పైన ఉన్న పదింటిని ఒక్కొక్కటిగా తెరువు. ప్రతి యాప్‌లోనూ రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి: క్లియర్ కాష్, క్లియర్ డేటా. కొన్ని ఫోన్లలో రెండోదాన్ని క్లియర్ స్టోరేజ్ అంటారు. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. కాష్ అంటే యాప్ తన వేగం కోసం దాచుకున్న తాత్కాలిక ముక్కలు. అది పోతే మళ్లీ తయారవుతుంది, మొదటిసారి తెరిచినప్పుడు కాస్త ఆలస్యం, అంతే. డేటా అంటే నీ లాగిన్, సెట్టింగ్స్, ఆ యాప్ లోపలే ఉన్న నీ నోట్స్, నీ చాట్స్. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ లాంటిదాంట్లో క్లియర్ డేటా నొక్కితే, బ్యాకప్ పెట్టుకోకపోతే సంభాషణలన్నీ పోయినట్టే. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లో నొక్కితే నీ ఖాతాల్లోకి నువ్వే వెళ్లలేని పరిస్థితి రావచ్చు. కాబట్టి ఆ రెండో బటన్ నీకు అవసరం లేదనుకో. కాష్ కూడా రోజూ తీసేయాల్సిన పని లేదు. వాడుతున్న యాప్ దాన్ని వారంలో మళ్లీ నింపుకుంటుంది. ఇబ్బంది వచ్చినప్పుడు తక్షణం చోటు ఇచ్చే ఉపాయం అది, అలవాటుగా చేసేది కాదు.

నిజంగా చోటు దొరికేది ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్లలో. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై, గూగుల్ మ్యాప్స్ దింపి ఉంచినవి ఫైల్ మేనేజర్‌లో వెతికితే దొరకవు. అవి ఆయా యాప్‌ల సొంత చోట ఉంటాయి, ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ చోటును బయటి యాప్‌లు తెరవకుండా కట్టడి చేశారు. ఒక్కో యాప్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్స్ పేజీలోనే తీసేయాలి. అక్కడే ఇంకో సంగతి చూడు: స్మార్ట్ డౌన్‌లోడ్స్ లాంటి సెట్టింగ్ ఆన్‌లో ఉంటే నువ్వు అడగకపోయినా యాప్ కొత్తవి దింపుతూనే ఉంటుంది. అది ఆఫ్ చేయకపోతే నువ్వు తీసినంతా మళ్లీ నిండుతుంది.

వాట్సాప్, టెలిగ్రామ్ రెండూ ఒకటే అనుకోవద్దు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లలోని ఫొటోలు, వీడియోలు దాని సర్వర్లలో, అంటే ఆ కంపెనీ కంప్యూటర్లలో, ఉంటాయి. సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్, అందులో స్టోరేజ్ యూసేజ్‌కి వెళ్లి కాష్ మొత్తం తీసేసినా, కావాల్సినప్పుడు చాట్‌లో నొక్కితే మళ్లీ దిగుతాయి. సీక్రెట్ చాట్స్ మాత్రం అలా కాదు, అవి సర్వర్లలో ఉండవు. వాట్సాప్ నీ ఫొటోలను శాశ్వతంగా తన దగ్గర ఉంచుకోదు. ఫోన్‌లోంచి తీసేస్తే చాట్‌లో మసక బొమ్మ మిగులుతుంది, నొక్కితే పంపినవారినే మళ్లీ పంపమని అడగమంటుంది. కాబట్టి టెలిగ్రామ్‌లో ధైర్యంగా, వాట్సాప్‌లో ఆచితూచి.

వాట్సాప్‌ను దాని లోపలి నుంచే శుభ్రం చెయ్యి. సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. అందులో 5 ఎంబీ దాటిన ఫైళ్లు ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట ఉంటాయి. ఫార్వర్డ్ అయినవాటి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కింద ఏ చాట్ ఎంత చోటు తింటోందో వరుసగా కనిపిస్తుంది. సాధారణంగా రెండు మూడు గ్రూపుల దగ్గరే సగం పని అయిపోతుంది. ఇంట్లోవాళ్ల చాట్‌లోకి మాత్రం తొందరగా వెళ్లకు. పెద్దవాళ్ల వాయిస్ మెసేజ్‌లు సైజులో చాలా చిన్నవి, వాటిని తీసేస్తే వచ్చే చోటు లెక్కలోకే రాదు, పోతే మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ఫోల్డర్లుగా చూడాలంటే వాట్సాప్ ఫైళ్లు ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని మీడియా అనే దాని లోపల ఉంటాయి. ఇమేజెస్, వీడియో ఫోల్డర్లలో సెంట్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. నువ్వు పంపిన ప్రతిదాని కాపీ అందులో పేరుకుంటుంది. అసలు ఫొటో కెమెరా ఫోల్డర్‌లో ఉంటే ఇది తీసేయవచ్చు. కానీ వాట్సాప్ లోపలే కెమెరా తెరిచి తీసి పంపినవాటికి వేరే కాపీ లేకపోవచ్చు, ఒకసారి పైనుంచి కింది దాకా చూసుకో. డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో ఉన్నవి నీ చాట్స్‌కి స్థానిక బ్యాకప్‌లు, గత ఏడు రోజులవి దాకా ఉంటాయి. తేదీ లేని ఫైలే అన్నిటికన్నా కొత్తది. చోటు కోసం ఈ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దని నా మాట.

మిగతా ఫోల్డర్ల సంగతి త్వరగా చెబుతాను. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఒకే పీడీఎఫ్ ఒకటి, రెండు, మూడు అని అంకెలతో పదేపదే ఉంటుంది. ఒకటి ఉంచి మిగతావి తీసెయ్, సర్టిఫికెట్లు, రసీదులు లాంటివి ఉంటే ముందు డాక్యుమెంట్స్‌లోకి మార్చు. కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉంటే రికార్డింగ్స్ ఫోల్డర్ చూడు. స్క్రీన్ రికార్డింగులూ అంతే, ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఓబీబీ ఫోల్డర్‌లో ఉన్నవి గేమ్‌ల పెద్ద ఫైళ్లు. అది ఒక్కటే తీసేస్తే గేమ్ మళ్లీ మొత్తం దింపుకుంటుంది, కాబట్టి తీస్తే గేమ్‌నే తీసెయ్. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు దాచినవి. వాటిలో థంబ్‌నెయిల్స్ అన్నది తీసేసినా గ్యాలరీ మళ్లీ తయారుచేసుకుంటుంది.

చుక్కతో మొదలయ్యే నోమీడియా అనే ఖాళీ ఫైల్ ఒకటి కొన్ని ఫోల్డర్లలో ఉంటుంది. అది ఉన్న ఫోల్డర్‌ను గ్యాలరీ చూపించదు. ఫైళ్లు అటూ ఇటూ మార్చేటప్పుడు అది పొరపాటున కెమెరా ఫోల్డర్‌లోకి వచ్చిందంటే ఫొటోలన్నీ ఒక్కసారిగా మాయమైనట్టు ఉంటుంది. అలా జరిగితే కంగారుపడి రికవరీ యాప్‌లు ఎక్కించకు. ఫైల్ మేనేజర్‌లో దాచిన ఫైళ్లు కూడా చూపించమని పెట్టి చూడు. ఫొటోలు అక్కడే ఉంటాయి, ఆ ఒక్క ఫైల్ తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు. కెమెరా ఫొటోలు ఉండే డీసీఐఎం, యాప్‌ల ఫైళ్లు ఉండే ఆండ్రాయిడ్ ఫోల్డర్లకు పేరు మార్చడం, వేరేచోటికి జరపడం అసలు చేయొద్దు.

ఇక అసలైనవి, నువ్వు తీసిన ఫొటోలు, వీడియోలు. ముందు వీడియోలు చూడు. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 100 నుంచి 130 ఎంబీ తింటుంది, 4కె అయితే దానికి మూడు రెట్లు. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌ఈవీసీ అనే, వీడియోను ఎక్కువ కుదించే పద్ధతిని ఆన్ చేస్తే అదే వీడియో దాదాపు సగం సైజులో వస్తుంది. కొన్ని పాత కంప్యూటర్లలో అది తెరుచుకోకపోవచ్చు. వంద ఫొటోలు ఏరి తీసేసే శ్రమకు బదులు జేబులో పొరపాటున రికార్డయిన వీడియో ఒక్కటి దొరికితే ఎక్కువ చోటు వస్తుంది.

గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉందన్నావు. అది మామూలుగా కెమెరా ఫోల్డర్‌ను మాత్రమే తీసుకుంటుంది. వాట్సాప్, స్క్రీన్‌షాట్ ఫోల్డర్లు నువ్వు విడిగా ఆన్ చేస్తేనే వెళతాయి. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ పంచుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫొటోలు తగ్గించిన నాణ్యతవైనా దాదాపు అన్ని ఫోన్లలోనూ ఆ లెక్కలోకే వస్తాయి. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, నువ్వు మాత్రం జరుగుతోందనే అనుకుంటావు. అందుకని ఫోన్ మాట నమ్మకుండా కంప్యూటర్‌లోనో ఇంకొకరి ఫోన్‌లోనో నీ ఖాతా తెరిచి, మొన్న తీసిన ఫొటో, రెండేళ్ల కిందటి వీడియో రెండూ ఉన్నాయో లేదో చూడు. చూసిన తర్వాత ఖాతా నుంచి సైన్ అవుట్ కావడం మరువకు.

ఉన్నాయంటే గూగుల్ ఫొటోస్‌లోనే ఫ్రీ అప్ స్పేస్ అనేది నొక్కు. బ్యాకప్ అయినవాటి కాపీలను ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది, ఆ తర్వాత వాటిని చూడాలంటే నెట్ కావాలి. దీనికి, అదే యాప్‌లో ఫొటోను ఎంచుకుని డిలీట్ కొట్టడానికి చాలా తేడా ఉంది. మామూలు డిలీట్ కొడితే ఫోన్‌లోదీ, ఖాతాలోదీ రెండూ పోతాయి. "బ్యాకప్ ఉందిగా" అని డిలీట్ కొట్టి బ్యాకప్‌నే పోగొట్టుకునేవాళ్లు ఎంతోమంది. ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి కాబట్టి ఆలోపు గుర్తిస్తే బయటపడవచ్చు. ట్రాష్‌లో ఉన్నంతకాలం ఫోన్‌లోని ఫైళ్లు చోటు తింటూనే ఉంటాయి. డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదని అప్పుడే ట్రాష్ ఖాళీ చేయకు. అత్యవసరం కాకపోతే ఒక వారం ఆగి, ఏదీ వెతుక్కోలేదని తెలిశాక చెయ్యి.

ఖాతా ఒక్కటే చాలదు, కంప్యూటర్‌లో ఒక కాపీ ఉండాలి. కేబుల్ పెట్టి, ఫోన్ లాక్ తీసి, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకో. కట్ వద్దు, కాపీ చెయ్యి. కట్ చేసినప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే ఫైల్ రెండు చోట్లా దెబ్బతినవచ్చు. ఒకేసారి అంతా కాకుండా ఐదు జీబీల చొప్పున పంపు. అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూడు, సున్నా సైజు ఫైళ్లు ఉన్నాయేమో చూడు, చివరి రెండు వీడియోలు చివరిదాకా ఆడించి చూడు. వాట్సాప్ ఫొటోల పేర్లు మార్చకు. వాటిలో తీసిన తేదీ సమాచారం ఉండదు, వచ్చిన తేదీ ఫైల్ పేరులోనే ఉంటుంది. కాపీ చేశాక గ్యాలరీలో అన్నీ ఇవాళ్టివే అన్నట్టు కనిపించినా, ఆ పేరే ఆధారం.

మెమరీ కార్డ్ వేద్దామా అని అడిగావు. వేయవచ్చు, కానీ అది బ్యాకప్ కాదు, చోటు మార్పు మాత్రమే. కార్డ్ చెడిపోవడం మామూలే. పెట్టగానే ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడాలా అని అడిగితే పోర్టబుల్ అనే ఎంచుకో. ఇంటర్నల్‌గా పెడితే అది ఆ ఒక్క ఫోన్‌కే ముడిపడుతుంది, వేరేచోట చదవడం కుదరదు, తీస్తే యాప్‌లు ఆగిపోతాయి. 4 జీబీ మించిన వీడియో కార్డ్‌లోకి ఎక్కకపోతే కార్డ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. లోపలున్నవి కంప్యూటర్‌లోకి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చెయ్యి.

క్లీనర్ యాప్‌లు ఎక్కించకు. ఫోన్‌తో వచ్చిన ఫైల్స్ యాప్ చాలు. అది కూడా పెద్ద ఫైళ్లు, పాత ఫైళ్లు అని చూపించేవన్నీ చెత్త కావు. పెళ్లి వీడియో పెద్దదీ, పాతదీ రెండూను.

ఎంత ఖాళీ ఉండాలంటే, మొత్తంలో పది నుంచి పదిహేను శాతం. ఫోన్ స్టోరేజ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ రాసినచోటే నేరుగా తిరిగి రాయలేదు, ఖాళీ భాగం చూసుకుని రాయాలి. అది తగ్గేకొద్దీ ఫోన్ నెమ్మదిస్తుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. ఈ ఖాళీ నిలవాలంటే వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్‌ను మొబైల్ డేటాకు, వైఫైకి, రోమింగ్‌కు మూడింటికీ ఆఫ్ చేసి, కావాల్సింది నొక్కి దింపుకో.

ఈ వారం గేమ్‌లు, ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్లు, టెలిగ్రామ్ వరకు చెయ్యి. ఫొటోల పని కంప్యూటర్ కాపీ అయ్యాకే. రెండువైపులా సంఖ్యలు కలవకపోతే ఏదీ తీయకుండా ఆ రెండు సంఖ్యలూ, స్టోరేజ్ పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు.

ఇట్లు,
మీ బాబాయి