అమ్మ ఫీలైందా, నొచ్చుకుందా?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే కథ కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆరు పేజీల్లో 'ఫీల్' అన్న మాట పదకొండు చోట్ల వచ్చింది. అమ్మ ఫీలైంది, నాన్న ఫీలవుతాడని చెప్పలేదు, పక్కింటాయన తనో పెద్ద జమీందార్‌లా ఫీలవుతాడు, హీరో గిల్టీగా ఫీలయ్యాడు, బస్సులో వచ్చిన పాటలో మంచి ఫీల్ ఉంది, చివర్లో చెల్లెలు ఫోన్‌లో "అమ్మ బాగా ఫీలైందిరా అన్నయ్యా" అంటుంది. నేనూ ఇంట్లో ఇలాగే మాట్లాడతాను, మనందరం మాట్లాడతాం, కాబట్టి ఇది తప్పని చెప్పడానికి రాయడం లేదు. చెల్లెలి మాట అలాగే ఉంచు, దాన్ని ముట్టుకోకు, ఆ వయసు పిల్ల ఫోన్‌లో అనేది అదే. నాకు బాధ కలిగించింది మిగతా పది చోట్లు, అంటే నువ్వు కథ చెప్తున్న చోట్లు.

వరసగా చూడు. పక్కింటాయన ఫీలవడమంటే తనను తాను గొప్పవాడనుకోవడం. గిల్టీగా ఫీలవడమంటే తప్పు చేసినట్టు అనిపించడం. పాటలో ఫీల్ అంటే ఆర్ద్రత. అమ్మ ఫీలవడమంటే మాత్రం నాకు తెలియలేదు, ఎందుకంటే అక్కడ కనీసం ఐదారు తెలుగు మాటలు పడతాయి, ఏది పడితే కథ ఆ దారిన పోతుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే ఈ మాటకి తాకు, స్పృశించు, అనుభవించు, భావించు అని ఉంటాయి. మనం రోజూ వాడే అర్థం అందులో దొరకదు. 'ఫీలవ్వడం' అంటే మనసు కష్టపెట్టుకోవడం అనేది దానికి మనం ఇచ్చుకున్న అర్థం, ఆ రకంగా అది ఇప్పుడు మన మాటే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అన్నయ్య పెళ్ళికి శుభలేఖ మా మేనత్తకు ఎవరి చేతో పంపించారు, ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవలేదు. ఆవిడ పెళ్ళికి వచ్చింది, పందిట్లో పనులు చేసింది, బట్టలు పెట్టింది, భోంచేసి వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. కొన్నేళ్ళ తర్వాత నేను దాన్ని కథగా రాస్తూ "అత్తయ్య అలిగింది" అని రాసి మా అమ్మకు చదివి వినిపిస్తే, అమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "అలగడమేంట్రా, అలిగితే పెళ్ళికి వచ్చేదా? అలిగినవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారని చూస్తారు. ఆవిడ నొచ్చుకుంది" అంది. నేను ఆ ఒక్క మాట మార్చాను. మార్చాక ఆ కింది పేజీ మొత్తం మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే అలిగిన అత్తయ్యకీ నొచ్చుకున్న అత్తయ్యకీ నడక కూడా వేరు.

అమ్మ చెప్పింది ఎంత నిజమో తర్వాత తెలిసింది. అలకలో ఇంకొక మనిషి ఉంటాడు, బుజ్జగించేవాడు. అందుకే పెళ్ళిలో అలకపాన్పు అని ఒక వేడుకే ఉంది, అల్లుడు దానిమీద కూర్చుని అడిగింది ఇస్తే గానీ లేవడు. నొచ్చుకోవడంలో ఎవరూ ఉండరు, లోపల జరిగి లోపలే ఉండిపోతుంది. చిన్నబుచ్చుకోవడం మొహంలో కనిపిస్తుంది, పక్కన నలుగురుంటే ఇంకా ఎక్కువ. ఉడుక్కోవడం ఆటపట్టించినప్పుడు వచ్చేది, పొద్దు తిరిగేసరికి పోతుంది. నిష్ఠూరం నోటితో ఆడేది, అదీ మనవాళ్ళనుకున్నవాళ్ళతోనే, బయటివాళ్ళతో ఎవరూ నిష్ఠూరమాడరు. "నేనేమీ అనుకోలేదులేరా" అని మా అత్తయ్య రెండేళ్ళకు అన్నది నిష్ఠూరమే. ఇక మనస్తాపం ఉందే, దాన్ని వాడేముందు ఆలోచించు, పత్రికల్లో ఆత్మహత్య వార్తల్లో పడి పడి ఆ మాటకు ఆ వాసన అంటుకుంది. నీ కథలో అమ్మకి అది వద్దు.

పర్యాయపదాల పట్టిక పెట్టుకుని ఒకదాని బదులు ఒకటి వేయమని నేననడం లేదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో ఒక్కో వస్తువుకున్న తెలుగు పేర్లన్నీ పద్యాల్లో కూర్చాడు. పద్యం రాసేవాడికి అలాంటిది కావాలి, యతికో ప్రాసకో ఒక పేరు కుదరకపోతే ఇంకోటి వేసుకుంటాడు. నీకు యతి లేదు, ప్రాస లేదు. వచనంలో మాట మారితే మనిషే మారిపోతాడు.

ఇంకోటి కూడా చూడు. 'ఫీల్' వాడితే వాక్యం ఎప్పుడూ వాడు ఫీలయ్యాడు, నేను ఫీలయ్యాను అనే నడుస్తుంది, చేసేది మనిషే అన్నట్టు. మన భాషలో చాలా వాటికి మనిషి కర్త కాడు. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది, జాలి కలిగింది, సిగ్గేసింది. అవి వచ్చి మన మీద పడతాయి. ఇంకా లోపలికెళ్తే ఒళ్ళే మాట్లాడుతుంది: మనసు చివుక్కుమంది, గుండె గుభేలుమంది, ప్రాణం ఉసూరుమంది, కడుపు తరుక్కుపోయింది. చివుక్కుమనడం చిన్నది, ముల్లు గుచ్చుకున్నంతసేపు. కడుపు తరుక్కుపోవడం ఎవరి కష్టమో చూసినప్పటిది. ఈ రెంటినీ తీసేసి 'చాలా ఫీలయ్యాను' అని రాస్తే 'చాలా' అన్న మాట మీదే భారమంతా పడుతుంది, అది మోయలేదు. నీ కథలో 'చాలా'లు కూడా ఎక్కువే, ఒకసారి చూసుకో.

తెలంగాణలో మనుషుల్ని పెట్టావు కాబట్టి అక్కడి మాటలు కూడా విను. దిగులు పడొద్దని చెప్పడానికి రంది పెట్టుకోకు అంటారు, కోపం వస్తే గుస్స అయ్యిండు అంటారు, భయమేస్తే బుగులైతుంది అంటారు. గుస్స ఉర్దూ నుంచి వచ్చింది, బేజారు, పరేషాన్ కూడా అంతే, బయటి నుంచి వచ్చిన మాటలంటే నాకేమీ చిరాకు లేదు. అవి వచ్చి తమ అర్థంతో ఒక మూల కూర్చున్నాయి. ఫీల్ మాత్రం పది మాటల్ని లేపి వాటి చోట్లో కూర్చుంటోంది, అదే నా దిగులు.

మళ్ళీ నీ అమ్మ దగ్గరకు వద్దాం. కొడుకు హైదరాబాద్ నుంచి వస్తున్నాడని గుత్తివంకాయ చేసి, అన్నం వార్చి పెట్టుకుంది. వాడు చెప్పులు విప్పుతూనే "దారిలో తినేశానమ్మా" అన్నాడు. "అమ్మ చాలా ఫీలైంది" అని రాశావు. చిన్నబుచ్చుకుందంటే అక్కడ నాన్న కూడా ఉండి చూసి ఉండాలి. ఉసూరుమందంటే పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడిన అలసట అందులోకి వస్తుంది. నొచ్చుకుందంటే వాడికి ఆ రోజు ఏమీ తెలియదు, మర్నాడు చెల్లెలు ఫోన్ చేస్తే గానీ. నీ ముగింపుకి ఇదే కుదురుతుందని నాకనిపిస్తోంది, కానీ ఇది మీ ఇంట్లో నిజంగా జరిగిందే అన్నావు కదా.

వచ్చే వారం ఊరెళ్తున్నావుగా. మీ అమ్మ పక్కన కూర్చుని, ఆ రోజు నీకేమనిపించిందమ్మా అని అడుగు. ఆవిడ ఏ మాట అంటే ఆ మాట అక్కడికక్కడే రాసుకుని రా.

ఉంటాను,
మీ అన్నయ్య