ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు: బోర్డు పోయిందని అప్పుడే ఒప్పుకోకండి

సోంపేట నుంచి అడిగారు కదా: కంప్యూటర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, మానిటర్‌లో నో సిగ్నల్, బీప్ కూడా లేదు, షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారని. ఇంతమాత్రం చూసి బోర్డు పోయిందని చెప్పడం తొందరపాటండీ. పలాసలో సిస్టమ్‌లు బాగుచేస్తూ, పోయిందనుకున్న బోర్డులు మళ్లీ లేవడం చాలాసార్లు చూశాను.

బీప్ రాలేదని కంగారు పడకండి. ఇప్పుడొచ్చే క్యాబినెట్లలో చాలావాటికి స్పీకరే ఉండదు. చిన్న బజర్ ఒకటి కొని, బోర్డు మీద స్పీకర్ అని రాసున్న పిన్నులకు తగిలించండి. తర్వాత పవర్ కేబుల్ పీకేసి, ర్యామ్ (మెమరీ పలకలు) మొత్తం తీసేసి, కేబుల్ పెట్టి ఆన్ చేయండి. ర్యామ్ లేదని బోర్డు అరిచిందంటే సగం బెంగ తీరినట్టే. ప్రాసెసర్ లేచి, బయోస్ అనే బోర్డులోని స్టార్టప్ ప్రోగ్రామ్‌ని నడిపితేనే ఆ అరుపు వస్తుంది. బోర్డు మార్చమని ఎవరన్నా సరే, ముందు ఈ పరీక్ష చేయమని అడగండి.

అరిస్తే ర్యామ్ సంగతి చూడాలి. మనది సముద్రపు గాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత, రోజుల తరబడి కరెంటు లేక తేమలో ఉండిపోయిన సిస్టమ్‌లు వరసగా వచ్చాయి. చాలావాటికి రోగం ర్యామ్ దగ్గరే. బంగారు రంగు కాంటాక్టులు మసకబారి ఉంటాయి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే రబ్బరుకి నల్లటి చార అంటుకుంటుంది. పొడి దులిపి, స్లాట్‌ని బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక్క ర్యామే పెట్టండి. క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది.

అరవకపోతే ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ తీసి గట్టిగా పెట్టండి. అది వదులైతే అచ్చం మీ లక్షణాలే: ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్ లేవదు. తర్వాత వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) పెట్టి చూడండి. పాతదాన్ని మాత్రం ఇంట్లో విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసరైతే బోర్డు పోర్టు నుంచి బొమ్మ రాదు.

ఇంకా లేవకపోతే కరెంటు తీసేసి, నాణెంలా ఉండే సీఆర్2032 సెల్‌ని కాసేపు బయట ఉంచి పెట్టండి, సీమోస్, అంటే బోర్డు దాచుకున్న సెట్టింగులు, రీసెట్ అవుతుంది. సెల్ 3 వోల్టుల కంటే బాగా తగ్గితే కొత్తది వేయండి. ఆ తర్వాత మొదటిసారి లేవడం ఆలస్యం కావచ్చు. డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ అయితే నిమిషాలు కూడా పడుతుంది, మధ్యలో ఆపేయకండి.

బజర్ పెట్టాక ఎన్ని బీప్‌లు వచ్చాయో, పొడుగువో పొట్టివో, బోర్డు మోడల్ నంబరుతో సహా రాయండి. బయోస్ కంపెనీని బట్టి వాటి అర్థం మారుతుంది కాబట్టి మోడల్ చూసే చెప్పగలను.