లీగ్ డబ్బు లీగ్ దగ్గరే ఉండాలి

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఇర్వింగ్. ఆఫీసు స్నేహితులం, అపార్ట్‌మెంట్ వాళ్లం కలిసి నెలకోసారి బౌలింగ్‌కి వెళ్తుంటాం. ఈసారి టీముకు నలుగురు చొప్పున ఎనిమిది టీములతో గురువారం సాయంత్రాలు లీగ్ పెడదామనుకుంటున్నాం. సెప్టెంబరు నుంచి 30 వారాలు. బౌలింగ్ సెంటర్ వాళ్లు మనిషికి మూడు గేములకు 13 డాలర్లు చెప్పారు. జెర్సీలు, ట్రోఫీలు, అడ్వాన్సు కలిపి మొదట్లో 4,000 డాలర్లు కావాలి. మా ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసి పెట్టి, తర్వాత అందరి దగ్గరా జెల్‌లో (ఫోన్‌లోనే ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) వసూలు చేసుకుందామని నా ఆలోచన. నా భార్యకు ఇది ఇష్టం లేదు. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఏం చేయమంటారు?

జవాబు: లీగ్ తప్పకుండా పెట్టండి. వారానికో సాయంత్రం ముప్ఫై రెండు మంది ఫోన్లు పక్కన పెట్టి ఒకచోట కలవడం చిన్న విషయం కాదు. ఇల్లు, ఆఫీసు, పిల్లల క్లాసుల మధ్యే తిరిగే మనవాళ్లకు అది చాలా అవసరం. కానీ ఎమర్జెన్సీ ఫండ్ విషయంలో మీ భార్య మాటే సరైనది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ రెండు నెలల అద్దె, ఇన్సూరెన్సు, అవసరమైతే లాయర్ ఫీజు వచ్చేది ఆ ఫండ్‌లోంచే. జెర్సీల కోసం దాన్ని ముట్టుకోకండి.

ఊళ్లో చీటీలు నడిపేవాళ్లను చూసే ఉంటారు. చీటీ ఎత్తుకున్న మనిషి వాయిదాలు ఎగ్గొడితే, ఆ డబ్బు నడిపే మనిషే కట్టుకోవాలి. మీ పేరుతో బౌలింగ్ సెంటర్‌కు కాంట్రాక్టు సంతకం పెట్టి, మీ ఖాతాలో వసూళ్లు చేస్తే మీ పరిస్థితీ అంతే. 30 వారాల లీగ్‌లో ఆరో వారం తర్వాత ఒక టీమ్ మానేసిందనుకోండి. వాళ్లు ఆడే లేన్‌కూ (బంతి దొర్లించే దారి) డబ్బు కట్టాలని కాంట్రాక్టులో ఉంటే, మిగిలిన 24 వారాలకు వారానికి 52 డాలర్ల చొప్పున 1,248 డాలర్లు మీ నెత్తిన పడతాయి. అడగడానికి మొహమాటం, ఎందుకంటే వాళ్లు రేపు మీ అబ్బాయి బర్త్‌డేకి వచ్చేవాళ్లే.

అందుకే మొదటిసారి 30 వారాలు వద్దు. ఇక్కడి లీగులు సెప్టెంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి, నిజమే. మనవాళ్ల క్యాలెండర్ వేరు. దసరా, దీపావళి, థాంక్స్‌గివింగ్, ఆ తర్వాత డిసెంబరులో సగం మంది ఇండియా ప్రయాణం. సంక్రాంతి చూసుకుని తిరిగొచ్చాక జనవరి చివరి వారంలో మొదలుపెట్టి 14 వారాలు ఆడండి. స్కూళ్లకు వేసవి సెలవులు ఇచ్చేలోపు అయిపోతుంది. మధ్యలో రాలేని వాళ్ల బదులు ఆడే ఐదారుగురు సబ్‌ల జాబితా ముందే రాసి పెట్టుకోండి.

ఇక లెక్క. మనిషి దగ్గర వారానికి 18 డాలర్లు తీసుకోండి: 13 సెంటర్‌కు, 4 బహుమతులకు, 1 ఖర్చులకు. 32 మందికి వారానికి 576 డాలర్లు, 14 వారాలకు 8,064. అందులో 5,824 సెంటర్‌కు పోగా, బహుమతులకు 1,792, ఖర్చులకు 448 మిగులుతాయి. ట్రోఫీలు బహుమతుల పద్దులోంచే కొనొచ్చు. జెర్సీలు కావాలన్నవాళ్లు ఎవరిది వాళ్లే కొనుక్కుంటారు. సెంటర్ అడ్వాన్సు అడిగితే, అదీ ఆటగాళ్ల డబ్బే కావాలి.

అది ఎక్కడి నుంచి వస్తుందంటే, చివరి రెండు వారాల ఫీజు ముందే వసూలు చేయండి. అమెరికాలో బౌలింగ్ లీగులు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి ఇది, దీన్ని మించింది నాకు కనిపించలేదు. మనిషికి 36 చొప్పున మొదటి బంతి వేయకముందే 1,152 డాలర్లు చేతికి వస్తాయి. మధ్యలో మానేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వరని, రాని వారానికీ ఫీజు కట్టాలని రూల్స్‌లో రాసి అందరి సంతకాలూ తీసుకోండి. 14 వారాల్లో ఆరో వారం తర్వాత ఒక టీమ్ వెళ్లిపోతే సెంటర్‌కు కట్టాల్సింది 416. వాళ్ల అడ్వాన్సు 144 పోను 272 ఖర్చుల పద్దులోంచే సర్దుకోవచ్చు. మీ జేబు జోలికి రానక్కర్లేదు. 36 డాలర్లు ముందుగా ఇవ్వడానికి వెనకాడే మనిషి పదో వారంలో వస్తాడని నేను నమ్మను. అడ్వాన్సు కట్టిన టీములు ఆరే అయితే ఆరింటితోనే మొదలుపెట్టండి.

జెల్ మాటకొస్తే, మీ సొంత ఖాతాలోకి వద్దే వద్దు. లీగ్ పేరుతో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో ఈఐఎన్, అంటే సంస్థలకు ఇచ్చే పన్ను నంబరు, తీసుకోండి. ఉచితమే. దాంతో లీగ్ పేరుతోనే ఖాతా తెరవండి. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు మీద తెరిస్తే, వడ్డీ ఆదాయం చూపించే పన్ను ఫారం 1099-ఐఎన్‌టీ మీ పేరుకే వస్తుంది. డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. వారం వారం పద్దు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.

యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే యూఎస్‌బీసీ, కార్యాలయం మీ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఉంది. లీగ్‌ను వాళ్ల దగ్గర సర్టిఫై చేయిస్తే ఆటగాళ్లు మెంబర్‌షిప్ ఫీజు కట్టాలి. దానికి బదులు లీగ్ డబ్బు ఎవరైనా కాజేస్తే బాండ్ రక్షణ, అంటే బీమా లాంటిది, ఉంటుంది. అయితే ఖాతాకు రెండు సంతకాలు, ప్రతినెలా ప్రెసిడెంట్ బ్యాలెన్స్ సరిచూడటం లాంటి వాళ్ల నిబంధనలు పాటించాలి. సర్టిఫికేషన్ తీసుకోకపోయినా ఆ నిబంధనలు పాటించమనే చెప్తాను.

మీ వీసా దృష్ట్యా ఒక ముఖ్యమైన విషయం. లీగ్ సెక్రటరీకి సీజన్ చివర కొంత ఫీజు ఇవ్వడం ఇక్కడ మామూలే. హెచ్-1బీ మీద మీరు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా జీతానికి పని చేయకూడదు కాబట్టి, ఆ ఫీజు మీరు తీసుకోవద్దు. వర్క్ పర్మిట్ లేకుండా హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లూ తీసుకోకూడదు. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. సరదాకి ఫిఫ్టీ-ఫిఫ్టీ రాఫిల్ (టికెట్లమ్మి వచ్చిన డబ్బులో సగం లాటరీలో గెలిచినవాళ్లకు ఇవ్వడం) పెడదామని ఎవరైనా అంటే అదీ వద్దనండి. టెక్సస్ చట్టం రాఫిల్స్‌ను అర్హత ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకే అనుమతిస్తుంది.

స్పాన్సర్లను అడగండి, తప్పు లేదు. మీ ఏరియాలో రియల్టర్లు, స్వీట్ షాపులు, ట్యాక్స్ ఫైల్ చేసేవాళ్లు జెర్సీ మీద పేరు వేస్తామంటే ఇస్తారు. దాన్ని విరాళం అనకండి, ప్రకటన అనండి. మీది చారిటీ కాదు కాబట్టి విరాళమని పన్ను మినహాయింపు రాదు. వ్యాపారానికి ప్రకటన ఖర్చుగా చూపించుకోవడం వాళ్ల పని. నగదు బహుమతి గెలిచినవాళ్లు మాత్రం అది ఆదాయమేనని, రిటర్న్‌లో చూపించాలని ముందే తెలుసుకోవాలి.

కాంట్రాక్టు సంతకానికి ముందు సెంటర్ మేనేజరుతో రెండు మాటలు మాట్లాడండి. ఆ 13 డాలర్లలో షూస్ అద్దె ఉందా? మీలో చాలామందికి సొంత షూస్ ఉండవు, వారం వారం విడిగా కట్టాలంటే జనం తగ్గుతారు. రెండోది, రెండు వారాల ముందు చెబితే ఖాళీ అయిన లేన్‌ను వాళ్లు తిరిగి తీసుకుంటారా? గురువారం సాయంత్రం ఎనిమిది టీములు తెస్తున్నారు కాబట్టి బేరమాడే హక్కు మీకుంది. ఒప్పుకుంటే కాంట్రాక్టులో రాయించుకుని, ఆ కాగితం మీ భార్యకు చూపించాకే సంతకం పెట్టండి.