మేడెక్కి తలుపు తట్టు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం వచ్చిందని, బెంగళూరులోనే పోస్టింగ్ అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఇంట్లో తెలుగే అయినా బడిలో కన్నడం చదివావు కాబట్టి నీకు భాషతో ఇబ్బంది ఉండదు. ఇబ్బందంతా అడ్రసులతోనే.

ఈ ఊళ్లో నాలుగో మెయిన్, ఆరో క్రాస్ అని రాస్తే చాలదు. అలాంటివి ఏరియాకొకటి ఉంటాయి. ముందు పిన్ చూడు. 560003 అయితే మల్లేశ్వరం, 560010 అయితే రాజాజీనగర్. ఒక్కోసారి పిన్ తప్పు రాసి ఏరియా పేరు సరిగ్గా రాస్తారు, ఒక్కోసారి అటుదిటు. రెండూ కలిపి చదవాలి. ఇంటికి పాత నంబరొకటి, కొత్త నంబరొకటి. గేటు మీద ఓనరు పేరుంటుంది, ఉత్తరమేమో పై అంతస్తులో అద్దెకున్న కుర్రాడిది. అందుకని చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఇంటింటికీ ఈ వివరాలన్నీ రాసుకో. వీధి మూలన ఇస్త్రీ బండి అతన్ని పలకరించు. ఎవరు ఇల్లు మారారో, ఎక్కడికి మారారో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పొద్దున్న సార్టింగ్‌లో తొందరపడకు. నువ్వు నడిచే వరసలోనే ఉత్తరాలు పేర్చుకో. స్పీడ్ పోస్టువి విడిగా ఉంటాయి కదా, ఆ ఇల్లు వచ్చే చోట మామూలు ఉత్తరాల కట్టలో ఒక ఖాళీ చీటీ నిలువుగా దోపు. చీటీ వేలికి తగలగానే రెండో సంచిలో చూడాలని గుర్తొస్తుంది. ఇప్పుడు స్పీడ్ పోస్టు బరువు పెరిగింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్ పోస్టును కూడా అందులోనే కలిపేశారు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. మధ్యాహ్నం ఎండలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కింద నిలబడి ఫోన్లో ‘డోర్ లాక్డ్’ అని నొక్కేస్తే ఎవరూ అడగరు. ఆ పని ఎప్పుడూ చేయకు, అల్లుడూ. పైకెళ్లి తలుపు తట్టు, తట్టి ఆగు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మంచం దిగి, చేతికర్ర వెతుక్కుని, గొళ్లెం తీసేసరికి ఎంతసేపు పడుతుందో ఆలోచించు. నిజంగానే తాళముంటే చీటీ పెట్టి రా, మర్నాడు మళ్లీ వెళ్లు. ‘రెఫ్యూజ్డ్’ అని రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. కోర్టు నోటీసు తీసుకోలేదని నువ్వు రాస్తే, అది అందినట్టే కోర్టు లెక్కేస్తుంది. ఆ మనిషి ఊళ్లోనే లేకపోయినా, తనకు తెలియలేదని నిరూపించుకోవాల్సిన బాధ అతని మీదే పడుతుంది. పాస్‌పోర్టు మాత్రం గేటు దగ్గర సెక్యూరిటీ ఎంత అడిగినా ఇవ్వకు. గుర్తింపు కార్డు చూసి ఆ మనిషి చేతికే ఇవ్వు.

నవంబర్ వచ్చిందంటే పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల పని, అంటే వాళ్లు బతికే ఉన్నారని నమోదు చేసే పని, నీ మీద పడుతుంది. పెద్దవాళ్ల వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడదు, వాళ్లకు పెన్షన్ ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. వేలిముద్ర బదులు ఫోన్‌కి ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. దాన్ని ఇప్పుడే నేర్చుకో. వెలుతురున్న చోట కూర్చోబెట్టి నిదానంగా చెయ్యి.

కుక్కల్ని చూసి పరిగెత్తకు. సైకిలైనా బండైనా ఆపి, దాన్ని అడ్డం పెట్టుకుని నిలబడు. కరిస్తే చిన్న గాటే కదా అనుకోవద్దు. పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. ఇంజెక్షన్లు ఒక్కటి కూడా మానకు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వానలు చెప్పా పెట్టకుండా వస్తాయి. సంచిలో మందపాటి ప్లాస్టిక్ కవరుండాలి. నువ్వు తడిసినా ఉత్తరం తడవకూడదు.

మంచి బూట్లు కొనుక్కో. జీతం వచ్చేదాకా ఆగకు, డబ్బులు నేను పంపిస్తున్నాను. మొదటి వారం అయ్యాక ఆదివారం ఇంటికి రా. నీ బీట్‌లో, అంటే నువ్వు రోజూ ఉత్తరాలు పంచే చోట, వీధులన్నీ ఒక కాగితం మీద గీసి తీసుకురా. ఎటు నుంచి ఎటు తిరిగితే నడక కలిసొస్తుందో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య